నేలను బట్టే యంత్రం: పాత దుంగల బండ్లూ, డెల్టా చైన్ మిషన్లూ

వరి కోతకొచ్చే సమయానికి తుపాను పడిందంటే తెనాలి, రేపల్లె, గుడివాడ వైపు రైతులు చైన్ మిషన్ కోసం, అంటే టైర్లకు బదులు చైన్ల మీద నడిచే వరికోత యంత్రం కోసం వెతుకులాట మొదలుపెడతారు. నేల ఆరి ఉంటే టైర్ల మిషన్ సరిపోతుంది, అద్దె కూడా తక్కువ. చేలో నీళ్లు నిలిచాయంటే టైరు దిగబడుతుంది. అప్పుడు గంటకు ఎంత ఎక్కువ అడిగినా చైన్ మిషనే దిక్కు. బురద మీద తేలిగ్గా నడిచిపోయే ఆ చైన్ల బండి వంశవృక్షం వెతుక్కుంటూ వెళితే మనం చేరేది వరి పొలానికి కాదు, మంచు కప్పిన అడవికి. అమెరికాలో మెయిన్ రాష్ట్రానికి చెందిన ఆల్విన్ లంబార్డ్ దుంగలు లాగడానికి తయారుచేసిన ఆవిరి బండికి 1901లో పేటెంటు వచ్చింది. చైన్ల మీద నడిచే బండ్లలో వ్యాపారపరంగా నిలదొక్కుకున్న తొలి యంత్రం ఇదే.

పాత కలప యంత్రాల ఫొటోలు చూస్తే మొదట కలిగేది ఆశ్చర్యమే. ఒక ఇంజనుకు సిలిండర్లన్నీ ఒక పక్కనే వేలాడుతుంటాయి. ఇంకోదానికి చక్రాలే ఉండవు. మరోదానికి స్టీరింగు పట్టే మనిషి బాయిలరుకు ముందు, ఆరుబయట కూర్చుంటాడు. ఇవన్నీ ఎవరో సరదాకి చేసిన వింతలనిపిస్తుంది. కానీ నేల ఎంత బరువు ఆపుతుంది, లాగాల్సిన సరుకు ఎంత లావు, చేతికందే ఇంధనం ఏమిటి అనే మూడు ప్రశ్నలు వేసుకుంటే, వాటిలో ఒక్క వంకర కూడా ఊరికే పెట్టింది కాదని తెలుస్తుంది. విజయవాడ, గుంటూరు పరిసరాల్లో పని చేసే యంత్రాలకూ రోజూ ఎదురయ్యేవి ఈ ప్రశ్నలే. అందుకే ఆ పాత యంత్రాలను ఇక్కడి నేల మీద నిలబడి చదివితే బాగా అర్థమవుతాయి.

లంబార్డ్ బండి నుంచే మొదలుపెడదాం. చూడ్డానికి అది రైలింజనే. వెనక చక్రాల స్థానంలో ఇనుప చైన్లు, ముందు చక్రాల స్థానంలో మంచు మీద జారే రెండు స్కీలు. బరువు పద్దెనిమిది టన్నుల పైమాటే. దాని వెనక దుంగలు పేర్చిన స్లెడ్జీలు, అంటే చక్రాల్లేని జారుడు బండ్లు, వరసగా కట్టేవారు. నడిపించడానికి నలుగురు కావాలి. ఇంజను చూసేవాడు ఒకడు, నిప్పు వేసేవాడు ఒకడు, స్లెడ్జీల సంగతి చూసే కండక్టరు ఒకడు. నాలుగోవాడు స్టీరింగు మనిషి. అతని చోటు అన్నిటికంటే ముందు, స్కీల మీద. ఎముకలు కొరికే చలిలో, వెనక బాయిలరు నుంచి నిప్పురవ్వలు ఎగిసి మీద పడుతుంటే, పెద్ద ఇనుప చక్రం తిప్పుతూ కూర్చోవాలి. బండికి బ్రేకులు లేవు. దారంతా రాత్రిళ్లు నీళ్లు చల్లి గడ్డకట్టించిన ఐసు. పల్లం వస్తే వెనక ఉన్న వందల టన్నుల కలప ఇంజన్నే తోసుకొస్తుంది. అందుకని పల్లాల్లో ఐసు మీద ఎండుగడ్డి పరిచేవారు, రాపిడి పెరిగి వేగం తగ్గుతుందని. అలాంటి ఆవిరి బండ్లు మొత్తం 83 తయారయ్యాయి.

చైను చేసే పని లెక్కలో చూస్తే సులువు. మూడు మీటర్ల పొడవు, అర మీటరు వెడల్పున్న రెండు చైన్లు నేలను తాకుతున్నాయనుకుందాం. అంటే 30,000 చదరపు సెంటీమీటర్లు. 18 టన్నుల బరువు దాని మీద పరుచుకుంటే చదరపు సెంటీమీటరుకు పడేది 0.6 కిలో. లోడు లారీ టైరు నేల మీద వేసే ఒత్తిడి దాదాపు ఆ టైరులో నింపిన గాలి ఒత్తిడంత ఉంటుంది, అంటే ఏడు కిలోల వరకు. ఒకటికి పదింతల తేడా. పొక్లెయిన్ కాలవ గట్టు బురదలోకి ధైర్యంగా దిగడానికీ, పక్కనే ఇసుక లారీ ఇరుసు దాకా కూరుకుపోవడానికీ కారణం ఈ తేడాయే. బండి బరువు ఒక్కటే చూసి భయపడతాం గానీ నేలకు కావాల్సింది ఆ బరువు ఎంత మేర పరుచుకుందన్నదే.

లంబార్డ్‌కు మంచు ఎలాగో, కాలిఫోర్నియాలో ట్రాక్టర్లు తయారుచేసే బెంజమిన్ హోల్ట్‌కు డెల్టా నేల అలాగ. స్టాక్‌టన్ చుట్టుపక్కల నదీ డెల్టా భూములు మన కొల్లేటి అంచు పొలాల్లా మెత్తన. ఆవిరి ట్రాక్టరు దించితే దిగబడిపోయేది. మొదట హోల్ట్ చక్రాలను వెడల్పు చేస్తూ పోయాడు. ఒక దశలో బండి మొత్తం వెడల్పు 46 అడుగులకు చేరింది. అంత వెడల్పుతో బండి మలుపు తిరగదు, వంతెన దాటదు, ఊళ్లోకి రాదు. చివరికి 1904లో చక్రాలు తీసేసి చెక్క పలకల చైన్లు బిగించి చూశాడు. పనిచేసింది. 1925లో హోల్ట్ కంపెనీ, బెస్ట్ అనే ఇంకో ట్రాక్టరు కంపెనీ కలిసి ఏర్పడిందే క్యాటర్‌పిల్లర్. మన కాలవ పనుల్లో, క్వారీల్లో కనిపించే పసుపు రంగు బండ్లలో కొన్ని ఆ కంపెనీవే.

హోల్ట్ వదిలేసిన వెడల్పు చక్రాల దారి కృష్ణా డెల్టాలో ఇంకా బతికే ఉంది. దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరుకు బిగించే ఇనుప దమ్ము చక్రాలు అవే. టైరు పట్టు దొరకని బురదలో ఆ ఇనుప పట్టీలు మట్టిని కోసుకుంటూ బండిని ముందుకు నెడతాయి, మట్టిని గుజ్జు చేసే పని కూడా అదే ఊపులో అయిపోతుంది. ఖర్చు తక్కువ, ఊళ్లో వెల్డింగు షాపులోనే చేయించుకోవచ్చు. చిక్కల్లా పొలం మారాల్సి వచ్చినప్పుడే. చక్రాలు విప్పే ఓపిక లేక అలాగే తారురోడ్డు ఎక్కిస్తే రోడ్డంతా చాళ్లు పడుతుంది. ఏటా అధికారులు హెచ్చరించడం, కేసులు పెడతామనడం, నాట్ల సీజనులో ఆ చాళ్లు మళ్లీ కనిపించడం మామూలే. రైతును తిట్టి లాభం లేదు. ఒక నేల కోసం పుట్టిన చక్రాన్ని ఇంకో నేల మీద నడపాల్సి రావడమే అసలు సమస్య. విప్పకుండానే టైరు మీదికి మడిచేసుకునే చక్రం తక్కువ ధరకు ఇవ్వగలిగితే అది దానంతటదే తీరుతుంది.

ఇక్కడ ఒక చుట్టరికం చెప్పుకోవాలి. ఇంగ్లండులో హార్న్స్‌బీ అనే కంపెనీ దాదాపు అదే కాలంలో సొంతంగా చైన్ల బండి చేసింది. ఒకదాన్ని కెనడా ఉత్తర కొసన యూకాన్‌లో బొగ్గు లాగడానికి పంపింది కూడా. కొనేవాళ్లు లేక చివరికి ఆ పేటెంటును 4,000 పౌండ్లకు హోల్ట్‌కే అమ్మేసింది. ఆ హార్న్స్‌బీయే 1892 నుంచి ఆయిలింజన్లు తయారుచేస్తూ వచ్చింది, 1918లో రస్టన్ కంపెనీతో కలిసి రస్టన్ హార్న్స్‌బీ అయింది. దక్షిణాదిలో పాత తరం మిల్లు మెకానిక్కులకు రస్టన్ పేరు బాగా తెలుసు. అంటే బియ్యం మర తిప్పిన ఇంజనుకూ, ఇప్పుడు వరి కోస్తున్న చైనుకూ దూరపు బంధుత్వం ఉందన్నమాట.

నేల మెత్తనైతే బరువు పరిచి నడవాలి. అసలు నడవడానికే వీల్లేని చోట? అక్కడ బండి ఒకచోట నిలబడి సరుకునే తన దగ్గరికి లాక్కోవాలి. కాలిఫోర్నియాలో యురేకా పట్టణపు కలప వ్యాపారి జాన్ డాల్‌బీర్ 1881లో చేసింది ఇదే. అక్కడి రెడ్‌వుడ్ మానుల మొదలు మూడు మీటర్ల అడ్డకొలత దాటిపోతుంది. ఒక్కో దుంగ టన్నుల కొద్దీ బరువు, దాన్ని లాగడానికి ఎనిమిది, పది జతల ఎడ్లు. డాల్‌బీర్ ఒక నిలువు బాయిలరు, ఒక సిలిండరు, తాడు చుట్టుకునే ఒక రాట్నం తెచ్చి రెండు లావుపాటి దుంగల మీద బిగించాడు. స్టీమ్ డాంకీ అని పేరుపడిన యంత్రం ఇదే. తాడు కొసను ఒక గుర్రం అడవిలోకి మోసుకెళ్లేది. దుంగకు తగిలించాక ఆవిరి వదిలితే రాట్నం తిరిగి దుంగ వచ్చేసేది. తర్వాత తర్వాత జనపతాడు పోయి ఉక్కు తాడు, గుర్రం పోయి వెనక్కి లాగే రెండో తాడు వచ్చాయి.

ఈ యంత్రంలో రెండు సంగతులు మనసును పట్టుకుంటాయి. దానికి చక్రాలు లేవు. చోటు మారాలంటే తన తాడునే దూరంగా ఉన్న చెట్టు మొద్దుకు కట్టి, రాట్నం తిప్పుకుంటూ తనను తానే ఈడ్చుకుపోయేది. పది టన్నుల ఇనుము, మంటలతో సహా, కొండ ఎక్కేది అలాగే. రెండోది ఈల. ఇంజను దగ్గరున్న వాడికి దుంగ కనపడదు, దుంగ దగ్గరి వాళ్ల కేక ఇంజనుకు వినపడదు. మధ్యలో ఒక కుర్రాడు నిలబడి సన్నని తీగ లాగి ఆవిరి ఈల కొట్టేవాడు. ఎన్ని ఈలలైతే లాగాలి, ఎన్నైతే ఆపాలి అన్నది అందరికీ కంఠతా ఉండాలి. బిగిసిన ఉక్కు తాడు తెగితే కత్తిలా మనిషిని కోసేస్తుంది. కుర్రాడి పొరపాటుకు మూల్యం ప్రాణం. ఈ రోజు విజయవాడలో ఫ్లైఓవర్ పని దగ్గర క్రేను ఆపరేటరుకు చేతి సైగలు చేస్తూ నిలబడే మనిషి ఉద్యోగం కూడా ఇదే. క్రేను సైజు చూసి ఫొటో తీసుకుంటాం గానీ పని భద్రంగా జరగడం చాలావరకు అతని చేతుల్లో ఉంటుంది.

లాగడంలో ఉన్న కష్టం ఎంతో 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర రాష్ట్రమంతా చూసింది. కృష్ణకు రికార్డు స్థాయిలో 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. ఎగువ నుంచి కొట్టుకొచ్చిన ఇనుప బోట్లు గేట్ల దగ్గర గుద్దుకుని కౌంటర్ వెయిట్లను దెబ్బతీశాయి. గేటును పైకెత్తేటప్పుడు మోటారు మీద భారం తగ్గించేవి ఈ కౌంటర్ వెయిట్లే. వాటిని త్వరలోనే మార్చగలిగారు గానీ ఇరుక్కున్న బోట్లు తీయడం వారాల తరబడి సాగింది. పెద్ద క్రేన్లు తెచ్చి లాగారు, బోట్లు కదల్లేదు.

క్రేను మీద రాసి ఉండే టన్నుల లెక్క చాలామంది అనుకునే లెక్క కాదు. 50 టన్నుల క్రేను 50 టన్నులు ఎత్తేది బరువు తన పక్కనే ఉన్నప్పుడు. చెయ్యి చాచిన కొద్దీ ఆ శక్తి పడిపోతుంది, బాగా దూరంగా చాస్తే కొన్ని టన్నులకు మించి ఎత్తదు. బోటేమో నీళ్లతో నిండి మునిగి ఉంది, దాన్ని ప్రవాహం బ్యారేజీ మీదికి అదిమిపెడుతోంది. చివరికి పని జరిగిన పద్ధతి చూస్తే డాల్‌బీర్ మెచ్చుకునేవాడు. రెండు పెద్ద బోట్లను ఇనుప గడ్డర్లతో జత చేసి, మునిగిన బోటును వాటికి తగిలించి, చైన్ పుల్లీలతో కొంచెం కొంచెంగా లేపి, ఎగువకు లాక్కెళ్లారు. ఎత్తే బలం క్రేను నుంచి కాకుండా తేలే బోట్ల నుంచి, అంటే నది నుంచే తీసుకున్నారు. నీటి పనిలో ఆరితేరిన మనుషుల తెలివి అది. దీన్ని ‘పాత పద్ధతి’ అని తక్కువ చేయడం అన్యాయం. ఆ చోటుకు, ఆ బరువుకు సరైన పద్ధతి అదే.

కొండల్లో మామూలు రైలింజను ఎందుకు పనికిరాదో మిషిగన్‌లో కలప వ్యాపారం చేసిన ఎఫ్రైమ్ షే తేల్చాడు. అతని ఇంజనుకు 1881లో పేటెంటు వచ్చింది. సిలిండర్లు నిలువుగా కుడిపక్కన, వాటి బరువుకు సరితూగేలా బాయిలరు కొంచెం ఎడమకు. పొడవాటి షాఫ్టు, పళ్ల చక్రాల ద్వారా ప్రతి ఇరుసుకూ బలం అందుతుంది. లారీ ఫస్ట్ గేరులో ఘాట్ రోడ్డు ఎక్కినట్టు, నెమ్మదిగా ఎక్కుతుంది గానీ ఆగదు. వంకర పట్టాల మీదా, చివరికి చెక్క పట్టాల మీదా నడిచేది. సుమారు 2,770 షే ఇంజన్లు తయారయ్యాయి. తైవాన్‌లో అలీషాన్ అడవి రైలు వీటితోనే పేరు తెచ్చుకుంది.

మన దేశంలో ఇలాంటి పనికి కేరళ ఒక గొప్ప ఉదాహరణ. పరంబికుళం అడవుల టేకును చాలకుడికి దించడానికి కొచ్చి సంస్థానం 1907లో సుమారు 80 కిలోమీటర్ల ట్రామ్‌వే మొదలుపెట్టింది. నిటారు వాలుల్లో ఇంజను వాడలేదు. పైనుంచి దిగే లోడు పెట్టెల బరువే తాడు ద్వారా ఖాళీ పెట్టెలను పైకి లాగేది, మనుషులు చేయాల్సింది బ్రేకు పట్టడం. 1963 దాకా నడిచింది. తెలుగు నేల మీద గోదావరే ట్రామ్‌వే పని చేసింది. భద్రాచలం ఏజెన్సీ కలప, వెదురు తెప్పలుగా కట్టి పాపికొండల మధ్య నుంచి రాజమండ్రికి వదిలేవారు. అంతకుముందు ధవళేశ్వరం ఆనకట్టకు రాయి తోలడానికి కాటన్ కాలంలోనే, 1845లో, పట్టాలు పడ్డాయి.

ఇక ఇంధనం. అడవిలో ఆవిరి యంత్రం నెగ్గడానికి పెద్ద కారణం బొగ్గు మోసుకెళ్లే పని లేకపోవడం. అది లాగే కలపే దాని తిండి. కోత మిల్లులోనూ ఇదే సూత్రం. రంపం నమిలేసిన పొట్టే బాయిలరులోకి పోతుంది. అండమాన్‌లో 1883లో మొదలైన చాతమ్ కోత మిల్లు లాంటివి ఎదిగిన కాలం అది. గుండ్రటి రంపం ఒక్కో కోతకు ఆరేడు మిల్లీమీటర్ల చెక్కను పొట్టు చేస్తుంది, సన్నని పట్టీలా తిరిగే రంపం, అంటే బ్యాండ్ సా, రెండు మూడుతో సరిపెడుతుంది. లావుపాటి టేకు దుంగను పలకలుగా కోసినప్పుడు ఆ తేడాలో ఒకటి రెండు పలకలు మిగులుతాయి. అందుకే అడితీల్లో బ్యాండ్ సా గెలిచింది. కృష్ణా, గుంటూరు రైస్ మిల్లుల్లో పొట్టు స్థానంలో ఊక ఉంది. ధాన్యం ఉడకబెట్టడానికీ, ఆరబెట్టడానికీ ఊక మంటే ఆధారం. ఇప్పటికీ మిల్లు పొగగొట్టం కింద మండేది అదే.

ఆయిలింజను మిల్లుల కాలం మాత్రం దాదాపు ముగిసింది. పాతరకం ఇంజను స్టార్టు చేయడమే ఒక విద్య. సిలిండరు తలకాయ మీదుండే బుడ్డిలాంటి ఇనుప బల్బును బ్లో ల్యాంపుతో ఎర్రగా కాల్చాలి. పది నిమిషాలు ఓపిక పట్టాలి. తర్వాత మనిషంత ఫ్లైవీలును అటూ ఇటూ ఊపి, సమయం చూసి వదలాలి. మొదటి పేలుడుకు ఊళ్లో అందరికీ మర మొదలైందని తెలిసేది. అక్కడి నుంచి వెడల్పాటి బెల్టు, గోడ పొడుగునా ఒక షాఫ్టు, ఆ షాఫ్టు నుంచి హల్లరుకు ఒక బెల్టు, పిండి మరకు ఒక బెల్టు. నెమ్మదిగా తిరిగే ఇంజను కాబట్టి అరుగుదల తక్కువ. దశాబ్దాల తరబడి పనిచేయడం వెనక రహస్యం ఆ నెమ్మదే.

మరి అమెరికా అడవుల భారీ యంత్రాలు మన వైపు ఎందుకు రాలేదు? నందిగామ, జగ్గయ్యపేట వైపు పొలాల్లో కొట్టే సుబాబుల్, జామాయిల్ చూస్తే జవాబు దొరుకుతుంది. చేతి లావు, తొడ లావు కర్రలు. మనుషులే కొట్టి, బెరడు తీసి, భుజాన మోసి లారీకి పేరుస్తారు. స్టీమ్ డాంకీ లాంటిదానికి ఇక్కడ లాగడానికి ఏమీ లేదు. సహజ అడవి నుంచి లావు కలప రావడం 1980 అటవీ సంరక్షణ చట్టం, 1996లో సుప్రీంకోర్టు అడవుల రక్షణకు సంబంధించిన గోదావర్మన్ కేసులో ఇచ్చిన ఆదేశాల తర్వాత బాగా తగ్గిపోయింది. పేపరు మిల్లులు పొలాల కర్ర మీద ఆధారపడ్డాయి. కూలి చవగ్గా దొరికినన్నాళ్లూ యంత్రం రాదు. నాగార్జునసాగర్‌ను చూడండి. 124 మీటర్ల ఎత్తు డ్యామును 1955 నుంచి పుష్కరకాలం పాటు రాతికట్టడంగా, పరంజాల మీద వేలమంది రాళ్లు మోసి కట్టారు. విదేశీ మారకం కొరత, పని కావాల్సిన జనం ఎక్కువ. ఆ లెక్క ప్రకారం అది తెలివైన నిర్ణయమే. కానీ అంత ఎత్తుకు నెత్తిన రాయి మోసిన ఒళ్ల సంగతి ఆ లెక్కలో రాలేదు. చేతిపనిని పొగిడేటప్పుడు అది మరిచిపోకూడదు. సుబాబుల్ లోడెత్తే కూలీల నడుములకూ ఇదే వర్తిస్తుంది. చిన్న ట్రాక్టరుకు బిగించే కర్ర పట్టుడు చెయ్యి ఇక్కడ అన్నిటికంటే అవసరమైన కలప యంత్రం.

వింతగా పుట్టి నిలవలేకపోయినవీ ఉన్నాయి. 1920లలో ట్రాక్టరుకు చక్రాలు తీసి స్క్రూ మరల్లాంటి రెండు డ్రమ్ములు బిగించిన స్నో మోటారు మంచులో భలే నడిచింది, గట్టి నేల మీద చతికిలపడింది. ఫిన్లండులో 1990లలో ఆరు కాళ్లతో నడిచే చెట్లు కోసే యంత్రం చేశారు. అడవి నేల చెదరకుండా అడుగులేసేది, కానీ ఖర్చు, సంక్లిష్టత భరించలేక అమ్మకానికి రాలేదు. బాగుచేసే మనిషి దగ్గర్లో లేని యంత్రం ఎంత గొప్పదైనా బతకదు.

విజయవాడ ఆటోనగర్ విలువ అక్కడే ఉంది. పాత ఇంజనుకు కంపెనీ స్పేరు దొరకదు. లేత్ మీద షాఫ్టు తిప్పడం, క్రాంకు గ్రైండింగ్, పోత పోసి గేరు చేయడం ఇక్కడ ఇంకా జరుగుతాయి. పాత యంత్రాల బేరింగుల్లో బాల్స్ ఉండవు, వైట్ మెటల్ అనే మెత్తని మిశ్రలోహం ఉంటుంది. దాన్ని కరిగించి పోయాలి, షాఫ్టుకు సన్నగా నీలం రంగు పూసి తిప్పి చూడాలి, నీలం అంటిన ఎత్తు చోట్లను పదునైన స్క్రేపరుతో కొద్దికొద్దిగా గీకాలి. మళ్లీ నీలం, మళ్లీ గీకుడు. బేరింగు అంతా ఒకే తీరున రంగు అంటేదాకా ఇదే పని. పుస్తకం చదివి వచ్చే నేర్పు కాదిది. ఆ నేర్పున్న చేతులకు వయసు మీద పడుతోంది, కుర్రాళ్లు వేరే పనులు చూసుకుంటున్నారు.

ఇనుముకు కిలో రేటు ఉంది, చరిత్రకు లేదు. ఫ్లైవీలు ఒక్కటే టన్ను తూగితే మిల్లు మూసేసిన యజమాని తుక్కుకే మొగ్గుతాడు, అతన్ని తప్పుపట్టలేం. అన్నిటినీ మ్యూజియంలో పెట్టడం కూడా కుదరదు. ఢిల్లీ రైలు మ్యూజియంలో ఉన్న పాటియాలా మోనోరైలు లాంటి అదృష్టం కొన్నిటికే పడుతుంది. ఒకే పట్టా మీద దాదాపు బరువంతా మోపి, పక్కన రోడ్డు మీద ఒక చక్రంతో నిలదొక్కుకునే ఆ 1907 నాటి రైలు ఇప్పటికీ నడిచే స్థితిలో ఉంది. మిగతావాటికి కనీసం చేయగలిగిన పని ఒకటుంది. గ్యాస్ కట్టరు పెట్టకముందే ఇంజను మీది ఇత్తడి పలకను నంబరుతో సహా ఫొటో తీయాలి. పుల్లీల అడ్డకొలతలు, షాఫ్టు పొడవు, గోడకు ఏ ఎత్తున బిగించారో కొలిచి రాసుకోవాలి. పాత డ్రైవరు బతికుంటే పిలిచి, స్టార్టు చేసే వరస ఆయన నోటితోనే చెప్పించి ఫోనులో రికార్డు చేయాలి. దీనికి ఒక పూట చాలు. నంబరు చేతిలో ఉంటే ఇంజను ఏ ఏడాది, ఏ ఫ్యాక్టరీలో తయారైందో తర్వాతైనా వెతికి పట్టుకోవచ్చు. పలక కూడా తుక్కులో కరిగిపోతే ఆ అవకాశం ఉండదు.